లేదు, కాదు, తెలియదు
సెన్సర్ల నుంచి డాష్‌బోర్డు దాకా ఒక పాఠం

స్కూటరైనా, బస్సయినా నడిపేవారి ముందు ఒక పలక ఉంటుంది. వేగం ఎంత, ఇంధనం ఎంత మిగిలింది, ఇంజిన్ ఎంత వేడెక్కింది అన్న సంగతులు అది చెబుతుంది. దాన్నే డాష్‌బోర్డు అంటున్నాం. ఈ పాఠంలో అలాంటి పలకను మనమే తయారుచేద్దాం. ముందు సైకిలుతో మొదలుపెట్టి, తరువాత కారు దాకా వెళ్దాం. మన పాఠశాలల్లో చాలాచోట్ల అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంది. లేని చోట కంప్యూటర్ గదిలోనో, భౌతికశాస్త్ర ప్రయోగశాలలోనో ఒక మూల చాలు.

"ఇది కంప్యూటర్ సార్ చెప్పాల్సిన పాఠం కదా, తెలుగు పుటల్లోకి ఎందుకొచ్చింది?" అని మీరు అడగవచ్చు. డాష్‌బోర్డు చేసే పని అనువాదం, అందుకే వచ్చింది. సెన్సర్ విద్యుత్తు భాషలో చెబుతుంది. కంప్యూటర్ దాన్ని అంకెల్లోకి మారుస్తుంది. తెర ఆ అంకెలను మనిషికి అర్థమయ్యేలా చూపుతుంది. కథను అనువదించేటప్పుడు తప్పు దొర్లితే ఒక వాక్యం చెడుతుంది. బండిలో తప్పు దొర్లితే ఇంజిన్ చెడిపోవచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు. కాబట్టి వైర్లు కలపడం ఎంత నేర్చుకుంటామో, తెర మీద ఏ మాట ఎప్పుడు రావాలో కూడా అంతే శ్రద్ధగా నేర్చుకుందాం.

మూడు మాటలు

బదిలీల మీద ఎన్నో రాష్ట్రాలు తిరిగిన మాకు ప్రతి చోటా ఒక రకం తెలుగు పిల్లలు కనిపిస్తారు. బడిలో హిందీ, ఇంగ్లిషు, ఇంట్లో మాత్రమే తెలుగు. "మా తెలుగు ఇంటి వరకే మేడమ్" అంటారు వాళ్లు. కానీ ఆ ఇంటి తెలుగులోనే ఒక సూక్ష్మమైన తేడా వాళ్లకు తెలియకుండానే పట్టుబడి ఉంటుంది. "డబ్బాలో చక్కెర లేదు" అంటారు. "ఇది చక్కెర కాదు, ఉప్పు" అంటారు. "డబ్బాలో ఏముందో తెలియదు" అంటారు. ఒకదాని బదులు ఇంకొకటి ఎప్పుడూ వాడరు. మొదటి రెండింటికీ హిందీలో 'నహీ' అనే ఒక్క మాట సరిపోతుంది. మన పొరుగున కన్నడంలోనూ, మలయాళంలోనూ మాత్రం 'ఇల్ల', 'అల్ల' అని మనలాగే రెండు వేరు మాటలు ఉన్నాయి.

మంచి డాష్‌బోర్డుకు కావలసింది సరిగ్గా ఈ మూడు మాటలే. బండి ఆగి ఉంటే వేగం లేదు. తెర మీద సున్నా రావాలి. సైకిలు వేగం గంటకు 150 కిలోమీటర్లని లెక్క వస్తే అది నిజం కాదు. దాన్ని తెర దాకా రానివ్వకూడదు. వైరు తెగిపోతే వేగం ఎంతో తెలియదు. అప్పుడు సున్నా చూపడమూ అబద్ధమే. ఈ మూడింటినీ విడదీయగలిగిన పలకనే నడిపేవారు నమ్మవచ్చు.

మన చేతిలోని బోర్డు

ఒకే పలక మీద కంప్యూటర్ మొత్తం ఇమిడి ఉండే బోర్డుల్లో అందరికీ తెలిసినది రాస్ప్‌బెర్రీ పై. పిల్లలు ప్రోగ్రాములు రాయడం తక్కువ ఖర్చుతో నేర్చుకోవాలన్న ఉద్దేశంతో బ్రిటన్‌లో దీన్ని రూపొందించారు. 2012 ఫిబ్రవరి 29న విడుదలైంది. ఇప్పుడు వచ్చే బోర్డులకు ఒక అంచున 40 పిన్నులుంటాయి. వాటిలో కొన్ని విద్యుత్తు ఇస్తాయి, కొన్ని గ్రౌండ్, మిగిలినవాటితో బయటి సంకేతాలు చదవవచ్చు.

ఈ పిన్నుల గురించి రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది, అవి 3.3 వోల్టులకు తయారైనవి. 5 వోల్టులు తగిలినా చెడిపోవచ్చు, కారు బ్యాటరీ 12 వోల్టులు నేరుగా తగిలితే ఇక చెప్పనక్కరలేదు. రెండోది, పిన్ను 'ఉందా, లేదా' అన్నది మాత్రమే చెప్పగలదు. 'ఎంత ఉంది' అన్నది చెప్పలేదు. ఎంత ఉందో తెలియాలంటే మధ్యలో ఒక చిప్ కావాలి. ఎంసీపీ3008 అనే చిప్ 8 వైర్ల మీది వోల్టేజీని చదివి, ఒక్కొక్కదాన్ని 0 నుంచి 1023 వరకు ఒక సంఖ్యగా మార్చి ఇస్తుంది. దానికి 3.3 వోల్టుల ఆధారం ఇస్తే 0 వోల్టులకు 0, 1.65 వోల్టులకు దాదాపు 512, 3.3 వోల్టులకు 1023 వస్తాయి.

మొదటి సెన్సర్: సైకిలు చక్రం

రీడ్ స్విచ్ అనేది చిన్న గాజు గొట్టం. లోపల రెండు సన్నని లోహపు పత్తీలుంటాయి. అయస్కాంతం దగ్గరికి రాగానే అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి, దూరం కాగానే విడిపోతాయి. సైకిలు ముందు ఫోర్కుకు ఈ స్విచ్‌ను, చక్రం స్పోకుకు ఒక చిన్న అయస్కాంతాన్ని బిగించండి. చక్రం ఒకసారి తిరిగితే స్విచ్ ఒకసారి మూసుకుంటుంది.

ఒక పిన్నును 10 కిలో ఓముల రెసిస్టరు ద్వారా 3.3 వోల్టులకు కలపాలి. అదే పిన్నుకు స్విచ్ ఒక కొసను, గ్రౌండ్‌కు రెండో కొసను కలపాలి. స్విచ్ తెరిచి ఉన్నంతసేపు పిన్ను మీద 3.3 వోల్టులుంటాయి. మూసుకోగానే సున్నా అవుతుంది. ఇలా సున్నా అయిన ప్రతిసారీ ప్రోగ్రాము ఆ సమయాన్ని రాసిపెట్టుకుంటుంది.

ఇక లెక్క. టైరు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టి, నేల మీద చక్రం ఒక చుట్టు తిరిగేలా సైకిలును నడిపించి, ఎంత దూరం వచ్చిందో టేపుతో కొలవండి. 2.1 మీటర్లు వచ్చిందనుకుందాం. రెండు సంకేతాల మధ్య 0.5 సెకన్లు పడితే వేగం సెకనుకు 4.2 మీటర్లు. దాన్ని 3.6తో గుణిస్తే గంటకు 15.12 కిలోమీటర్లు. తెర మీద 15 అని చూపితే చాలు. దశాంశ స్థానాలు ఎక్కువ చూపినంత మాత్రాన కొలత ఎక్కువ నిజం కాదు.

ఇక్కడే మొదటి చిక్కు వస్తుంది. పత్తీలు అతుక్కునేటప్పుడు ఒక్కసారిగా అతుక్కోవు, క్షణకాలం అదురుతాయి. ఒక చుట్టుకు రెండు మూడు సంకేతాలు వచ్చినట్టు కంప్యూటర్‌కు తోస్తుంది. 0.05 సెకన్లకే రెండో సంకేతం వస్తే మన చక్రం వేగం గంటకు 151 కిలోమీటర్లని లెక్క తేలుతుంది. సైకిలు అంత వేగంగా పోదు. కాబట్టి ఒక సంకేతం వచ్చాక 0.05 సెకన్లలోపు వచ్చే మరో సంకేతాన్ని లెక్కలోకి తీసుకోవద్దని ప్రోగ్రాముకు చెప్పాలి. ఇది 'కాదు' అనే నియమం.

రెండో చిక్కు ఇంకా లోతైనది. సైకిలు ఆగిపోయింది. కొత్త సంకేతం రాదు. సంకేతం వచ్చినప్పుడే వేగం లెక్కకట్టే ప్రోగ్రామైతే, చివరి 15 అలాగే తెర మీద నిలిచిపోతుంది. సైకిలు స్టాండులో ఉన్నా పలక మాత్రం పరుగెడుతూనే ఉంటుంది! అందుకని 3 సెకన్లు సంకేతం రాకపోతే సున్నా చూపమని రాస్తాం. ఇది 'లేదు' అనే నియమం.

మౌనానికి రెండు అర్థాలు

మౌనం అర్ధాంగీకారం అంటారు పెద్దలు. సెన్సర్ల విషయంలో ఈ మాట నమ్మితే ప్రమాదం. 3 సెకన్లు సంకేతం రాలేదంటే చక్రం ఆగి ఉండవచ్చు. వైరు తెగి కూడా ఉండవచ్చు. పైన చెప్పిన అమరికలో ఈ రెండింటికీ పిన్ను మీద కనిపించేది ఒకటే, 3.3 వోల్టులు. ప్రోగ్రామును ఎంత తెలివిగా రాసినా ఈ రెండింటినీ విడదీయలేదు. తేడా సంకేతంలోనే లేకపోతే ప్రోగ్రాము ఎక్కడినుంచి తెస్తుంది?

దీనికి పరిష్కారం ఒక చిన్న రెసిస్టరు. చక్రం దగ్గర, రీడ్ స్విచ్ రెండు కొసల మీదుగా, మరో 10 కిలో ఓముల రెసిస్టరును కలపండి. వైరును ఇప్పుడు మామూలు పిన్నుకు కాకుండా ఎంసీపీ3008 చిప్‌కు ఇవ్వండి. పాత 10 కిలో ఓముల రెసిస్టరు బోర్డు వైపు అలాగే ఉండాలి. ఇప్పుడు మూడు వేర్వేరు అంకెలు వస్తాయి.

స్విచ్ మూసుకుంటే: 0 వోల్టులు, రీడింగు 0 దగ్గర.
స్విచ్ తెరిచి, వైరు బాగుంటే: 1.65 వోల్టులు, రీడింగు 512 దగ్గర.
వైరు తెగితే: 3.3 వోల్టులు, రీడింగు 1023 దగ్గర.

సెకనుకు వెయ్యిసార్లు ఈ రీడింగు చూస్తే సైకిలు వేగానికి చాలు. 512 దగ్గరే ఉండి 3 సెకన్లు గడిస్తే సైకిలు ఆగినట్టు. తెర మీద 0. రీడింగు 1023కు వెళ్లి అక్కడే ఉంటే వైరు తెగినట్టు. తెర మీద అంకె తీసేసి ఒక గీత, దాని పక్కన 'తెలియదు'. అయితే 0 దగ్గరే కదలకుండా ఉంటే? అయస్కాంతం సరిగ్గా స్విచ్ ఎదురుగా ఉండగా సైకిలు ఆగి ఉండాలి, లేదా రెండు వైర్లు ఒకదానికొకటి తగిలి ఉండాలి. ఈ సందేహం తీర్చుకోవడం ఎలాగో అభ్యాసంలో అడుగుతాం.

దొంగలు రాకుండా అలారం పెట్టే పనివాళ్లు కూడా తీగ చివర ఇలాంటి రెసిస్టరే వేస్తారు. తీగ కత్తిరిస్తే అలారం మూగబోకుండా కాపాడేది అదే.

రెండో సెన్సర్: నమ్మించే 85

ఉష్ణోగ్రతకు డీఎస్18బీ20 అనే సెన్సర్ చవకగా దొరుకుతుంది. నీళ్లలో ముంచడానికి వీలుగా స్టీలు గొట్టంలో పెట్టినవి కూడా అమ్ముతారు. ఇది −55 నుంచి 125 డిగ్రీల సెల్సియస్ వరకు కొలుస్తుంది. కొలతను తనలోనే అంకెగా మార్చి పంపుతుంది కనుక దీనికి ఎంసీపీ3008 అవసరం లేదు. సంకేతం వైరుకు, 3.3 వోల్టులకు మధ్య 4.7 కిలో ఓముల రెసిస్టరు వేయాలి. రాస్ప్‌బెర్రీ పైలో ఈ సెన్సర్ రీడింగు ఒక ఫైలులా కనిపిస్తుంది. అందులో 24562 అని ఉంటే 24.562 డిగ్రీలని అర్థం, వెయ్యితో భాగించాలి.

ఈ సెన్సర్‌కు ఒక అలవాటుంది. విద్యుత్తు అందిన వెంటనే, ఇంకా ఏమీ కొలవకముందే చదివితే, అది 85 డిగ్రీలని చెబుతుంది. తయారీలోనే అలా నిర్ణయించారు. గది ఉష్ణోగ్రత కొలుస్తున్నప్పుడు 85 వస్తే వెంటనే అనుమానిస్తాం. కానీ వేడెక్కిన కారు ఇంజిన్‌లో తిరిగే కూలెంట్ నీరు కూడా ఇంచుమించు అంతే వేడిగా ఉంటుంది. వైరు వదులై, సెన్సర్‌కు విద్యుత్తు పోతూ వస్తూ ఉందనుకోండి. ఇంజిన్ నిజంగా 110 దాటినా పలక మాత్రం నిదానంగా 85 చూపుతుంది. అతికినట్టుండే అబద్ధం మాటల్లోనే కాదు, అంకెల్లోనూ ఉంటుందన్నమాట.

దీనికి మందు, అంకెను ఒంటరిగా నమ్మకపోవడం. వేడి ఒక్క సెకనులో 60 నుంచి సరిగ్గా 85కు దూకదు. దూకితే దాన్ని 'కాదు' అని పక్కన పెట్టి మళ్లీ చదవాలి. మళ్లీ మళ్లీ అదే వస్తే 'తెలియదు' అని చూపాలి.

మూడో సెన్సర్: బ్యాటరీ

బ్యాటరీ వోల్టేజీని నేరుగా చిప్‌కు ఇవ్వలేం. రెండు రెసిస్టర్లతో దాన్ని పంచుకోవాలి. పైన 47 కిలో ఓములు, కింద 10 కిలో ఓములు వరుసగా కలిపి, మధ్య నుంచి వైరు తీస్తే అక్కడ అసలు వోల్టేజీలో 57వ వంతుకు 10 రెట్లు ఉంటుంది. బ్యాటరీ 14.25 వోల్టులైతే మధ్యలో 2.5 వోల్టులు, చిప్ రీడింగు సుమారు 775. ఇంజిన్ ఆపి ఉన్న మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.5 నుంచి 14.5 మధ్యకు పెరుగుతుంది. నడుస్తున్నా పెరగకపోతే బ్యాటరీ చార్జి కావడం లేదని అనుమానించాలి. రీడింగు 1023 దగ్గర అతుక్కుపోతే అది దాదాపు 18.8 వోల్టులకు సమానం. 12 వోల్టుల బ్యాటరీ మామూలుగా అంత చూపదు కాబట్టి వైర్లను తనిఖీ చేయాలి.

కారుతో సంభాషణ

కారు విషయంలో మనం ఏ వైరూ కోయనవసరం లేదు, కోయకూడదు కూడా. నేటి పెట్రోలు, డీజిలు కార్లలో స్టీరింగు కింద 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. దాన్ని ఓబీడీ అంటారు. మెకానిక్ స్కానర్ తగిలించేది దానికే. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి దీని రెండో రూపం కార్లకు తప్పనిసరి అయింది.

కారులోని చిన్న కంప్యూటర్లు చాలావరకు క్యాన్ అనే పద్ధతిలో మాట్లాడుకుంటాయి. దీన్ని జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1986లో ప్రకటించింది. మెలివేసిన రెండు వైర్లే దీనికి దారి. ఇంజిన్ దగ్గర స్పార్కుల వల్ల విద్యుత్ గోల ఎక్కువ. ఆ గోల రెండు వైర్ల మీదా సమానంగా పడుతుంది. వినేవాళ్లు రెండు వైర్ల మధ్య తేడాను మాత్రమే చూస్తారు కనుక గోల రద్దయిపోయి, మాట మిగులుతుంది.

ఈఎల్‌ఎం327 అనే చిప్ ఉన్న అడాప్టరును ఆ సాకెట్‌కు తగిలిస్తే, మన బోర్డు యూఎస్‌బీ ద్వారా కారును ప్రశ్నలడగవచ్చు. '01 05' అని పంపామనుకోండి. 01 అంటే ఇప్పటి విలువ చెప్పమని. 05 అంటే కూలెంట్ ఉష్ణోగ్రత. '41 05 78' అని జవాబు వస్తుంది. 41 అంటే 01కు ఇది జవాబని. చివరి 78 మన మామూలు డెబ్బై ఎనిమిది కాదు, పదహారు ఆధారంగా రాసిన సంఖ్య. 7ను 16తో గుణించి 8 కలిపితే 120. అందులోంచి 40 తీసేస్తే 80 డిగ్రీలు. 40 ఎందుకు తీయాలి? ఒక బైటులో 0 నుంచి 255 వరకే పడతాయి, రుణసంఖ్యలు పట్టవు. చలిదేశాల కోసం లెక్కను 40 జరిపి పెట్టారు.

ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో అడిగే ప్రశ్న '01 0సి'. జవాబులో '41 0సి' తరువాత రెండు సంఖ్యలుంటాయి. అవి 17, 70 అనుకోండి. మామూలు లెక్కలో 23, 112. 23ను 256తో గుణించి 112 కలిపితే 6000. దాన్ని 4తో భాగిస్తే నిమిషానికి 1500 చుట్లు.

ఇక్కడా మన మూడు మాటలే. కూలెంట్ సెన్సర్ వైరు ఊడితే చాలా కార్లలో −40 కనిపిస్తుంది. విశాఖపట్నంలో మే నెలలో −40 వస్తే అది చలి కాదు, తెగిన వైరు. కారు జవాబివ్వకపోతే అడాప్టరు 'డేటా లేదు' అన్న అర్థమిచ్చే మాట పంపుతుంది. ప్రోగ్రాము దాన్ని సున్నాగా మార్చకూడదు. 'తెలియదు' అనే చూపాలి. సెన్సర్ నిజం చెబుతోందో లేదో చూడటానికి తేలికైన పరీక్ష ఒకటుంది. రాత్రంతా ఆగి ఉన్న కారులో, తెల్లవారుజామున ఇంజిన్ స్టార్టు చేయకుండా తాళం మాత్రం తిప్పి, కూలెంట్ ఉష్ణోగ్రతనూ, ఇంజిన్ పీల్చే గాలి ఉష్ణోగ్రతనూ అడగండి. రెండో ప్రశ్న '01 0ఎఫ్'. ఆ వేళకు రెండూ ఇంచుమించు ఒకటిగా ఉండాలి. బాగా తేడా ఉంటే రెండింట్లో ఒకటి తప్పు చెబుతోంది.

తెర మీద

ప్రోగ్రాములో ప్రతి సెన్సర్‌కు మూడు గడులు పెట్టండి: విలువ, అది వచ్చిన సమయం, దాని స్థితి. తెర గీసే భాగం విలువను చూపే ముందు మిగిలిన రెండు గడులనూ చూడాలి. కూలెంట్ విలువ వచ్చి 5 సెకన్లు దాటితే అది పాతబడినట్టు. పాత అంకెను కొత్తదానిలా చూపకుండా గీత పెట్టాలి. నిన్నటి వార్తను నేటి తేదీ వేసి అచ్చేస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

పేర్లు తెలుగులో పెట్టవచ్చు: వేగం, ఇంజిన్ వేడి, బ్యాటరీ. బొమ్మలు గీసే కొన్ని సాధనాల్లో మన ఒత్తులు, గుణింతాలు విడిపోయి కనిపిస్తాయి. అందుకని పలకను ఒక వెబ్ పేజీలా రాసి, బోర్డులోని బ్రౌజరులో తెరనిండా తెరిస్తే అక్షరాలు సరిగ్గా వస్తాయి. హెచ్చరిక మాట చిన్నదిగా ఉండాలి. 'ఉష్ణోగ్రత పరిమితిని అధిగమించినది' అని రాస్తే చదివేలోపు కిలోమీటరు దాటిపోతాం. 'వేడి ఎక్కువ, బండి ఆపండి' చాలు.

జాగ్రత్తలు

1. కారు అసలు డాష్‌బోర్డును తీసివేయవద్దు. మన బోర్డు తెరుచుకోవడానికే కొంత సమయం పడుతుంది. ఇది దానికి తోడు మాత్రమే.
2. బోర్డుకు 12 వోల్టులను 5 వోల్టులకు తగ్గించే కన్వర్టరు ద్వారానే విద్యుత్తు ఇవ్వాలి. ఉన్నట్టుండి విద్యుత్తు ఆపితే మెమరీ కార్డు చెడవచ్చు. ముందు కంప్యూటర్‌ను మూసి, తరువాత ఆపాలి.
3. ఓబీడీ సాకెట్‌లో 16వ పిన్నుకు బ్యాటరీ విద్యుత్తు ఎప్పుడూ ఉంటుంది. పని అయ్యాక అడాప్టరు తీసేయాలి, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది.
4. '04' అనే ఆదేశం కారులో నమోదైన లోపాలను చెరిపేస్తుంది. దాన్ని పంపవద్దు. మనం చదవడానికి వచ్చాం, చెరపడానికి కాదు.
5. కారు ఎవరిదో వారి అనుమతితో, ఆపి ఉన్న కారులో, పెద్దల సమక్షంలోనే ప్రయోగం చేయాలి.

అభ్యాసం

1. చక్రం చుట్టుకొలత 2 మీటర్లు. సంకేతాల మధ్య 0.4 సెకన్లు. వేగం ఎంత?
2. '41 05 64' అంటే కూలెంట్ ఎన్ని డిగ్రీలు?
3. చక్రం రీడింగు 0 దగ్గరే నిలిచిపోయింది. సైకిలు ఆగిందా, వైర్లు తగిలాయా? తేల్చడానికి మీరేం చేస్తారు?
4. 'లేదు', 'కాదు', 'తెలియదు' ఒక్కొక్కటి తెర మీద ఎలా కనబడాలో బొమ్మ గీసి రంగులు వేయండి. రంగులు గుర్తించలేని వారికి కూడా తేడా తెలియాలి.
5. మీ తరగతిలోని వేరే భాషల స్నేహితులను ఈ మూడింటికి వారి భాషలో ఏమంటారో అడిగి పట్టిక రాయండి. ఏ భాషలో ఎన్ని మాటలున్నాయో చూడండి.

జవాబులు: 1. గంటకు 18 కిలోమీటర్లు. 2. 60 డిగ్రీలు. 3. సైకిలును కాస్త ముందుకు తోయండి. రీడింగు 512కు మారితే అయస్కాంతం ఎదురుగా ఆగినట్టు, మారకపోతే వైర్లు తగిలినట్టు. మిగిలిన రెండింటికీ జవాబులు మీ దగ్గరే ఉన్నాయి. రాసి మీ తెలుగు ఉపాధ్యాయులకు చూపండి.